రోజూ వచ్చేదేలే అనిపించుకున్న అలారాలు

నేను మొదట పనిచేసిన ప్లాంటులో, కంట్రోల్ రూమ్‌లో తెర ముందు కూర్చుని ప్లాంటు నడిపే బోర్డు ఆపరేటర్ కీబోర్డు మీద ఒక్క మీటకే అక్షరాలు చెరిగిపోయాయి. అలారం వచ్చినప్పుడు ‘చూశాను’ అని చెప్పడానికి నొక్కే ఎక్‌నాలెడ్జ్ మీట అది. మిగతావన్నీ కొత్తవాటిలా మెరిసేవి. నైట్ షిఫ్టులో ఆయన కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఎడమచేతి బొటనవేలితో ఆ మీట నొక్కుతూ నాతో కబుర్లు చెప్పేవారు. తెర వైపు తల తిప్పేవారు కూడా కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏంటన్నా అది, ఇందాకట్నుంచి మోగుతూనే ఉంది?"

"అదా... రోజూ వచ్చేదేలే."

ఆ మాటలో నిర్లక్ష్యం లేదు. పంపు శబ్దంలో తేడా వస్తే గోడ అవతల నుంచే పసిగట్టే మనిషి ఆయన. ‘రోజూ వచ్చేదేలే’ అన్నది ఆయన వేసుకున్న లెక్క. వందసార్లు మోగింది, వందసార్లూ ఏమీ కాలేదు, నూట ఒకటోసారి కూడా ఏమీ కాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే లెక్క వేస్తారు.

సేఫ్టీ క్లాసుల్లో ఈ సంగతి రాగానే ‘నాన్నా పులి’ కథ ఎత్తుకుంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. ఆ కథలో పిల్లవాడు సరదాకి అబద్ధమాడాడు. ప్లాంటులో ప్రెషర్, లెవెల్ లాంటివి కొలిచి పంపే ట్రాన్స్‌మిటర్ అబద్ధమాడదు. కుక్క కనిపించినా, పిల్లి కనిపించినా, గాలికి పొద కదిలినా అరవమని చెప్పి దాన్ని పొలంలో నిలబెట్టింది మనమే. ఎవరికి వినపడేలా అరవాలో మాత్రం చెప్పలేదు. విసిగించే అలర్టుల్లో చాలా భాగం తప్పుడు సమాచారం కాదు, ఇల్లు తప్పి వచ్చిన ఉత్తరం. ఈ వ్యాసమంతా దాని గురించే.

ఇంత గోల ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. వెనకటి రోజుల్లో కంట్రోల్ రూమ్‌లో అలారం అంటే గోడ ప్యానెల్‌లో ఒక చిన్న గడి. దాని వెనక బల్బు, ఆ బల్బుకి ఫీల్డు నుంచి లాగిన వైరు, మధ్యలో రిలే. కొత్తది పెట్టాలంటే గడి ఖాళీ ఉండాలి, డబ్బు ఖర్చుపెట్టాలి, ఎవరో ఒకరు సంతకం చెయ్యాలి. ఆ ఇబ్బందే పెద్ద జల్లెడలా పనిచేసేది. ప్లాంటంతటినీ కంప్యూటర్లతో నడిపే డీసీఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్) వచ్చాక ఆ ఖర్చు పోయింది. ఒక్కో కొలతకి హై, హై-హై, లో, లో-లో, మార్పు వేగం, సెట్‌పాయింట్‌తో (ఉండాల్సిన విలువతో) తేడా, సిగ్నల్ బాగోలేదు, ఇలా ఎన్ని కావాలంటే అన్ని టిక్కులు. ప్రాజెక్టు హడావిడిలో కూర్చుని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. ‘ఉంటే పోయేదేముంది’ అని అన్నీ పెట్టేస్తారు. పోయేదేమిటో ప్లాంటు నడిచిన మొదటి నెలలో ఆపరేటర్‌కి తెలుస్తుంది.

దీని మీద ఇంకో పొర చేరింది. ట్రాన్స్‌మిటర్లకీ, వాల్వుని కావాల్సినంత తెరిచిపెట్టే పొజిషనర్లకీ తెలివి వచ్చింది. అవి ఇప్పుడు ప్రెషర్ ఎంత, లెవెల్ ఎంత అన్నదే కాదు, తమ ఒంట్లో ఎలా ఉందో కూడా చెబుతాయి. వీటినే స్టేటస్ అలర్టులు, డయాగ్నస్టిక్ అలర్టులు అంటాం. ప్రాసెస్ అలారాల గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ రెండోరకం గోలని పట్టించుకునేవాళ్లు తక్కువ. నా అనుభవంలో ఎక్కువ విసిగించింది మాత్రం ఇదే.

పరికరాలు సిస్టమ్‌తో మాట్లాడే పద్ధతి హార్ట్ ప్రోటోకాల్‌నే తీసుకుందాం, మన ప్లాంట్లలో ఎక్కడ చూసినా అదే కనుక. 1980ల నుంచీ ఉంది. 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు (కొలత అడుగున ఉంటే 4, పైహద్దులో ఉంటే 20) నడిచే ఆ పాత రెండు వైర్ల మీదే, కొలతకి భంగం కలగకుండా, సెకనుకి 1200 బిట్ల వేగంతో డిజిటల్ మాటలు పంపుతుంది. పరికరం ఇచ్చే ప్రతి జవాబులోనూ తన పరిస్థితి చెప్పే ఎనిమిది బిట్లుంటాయి. పరికరం చెడిపోయింది, సెట్టింగులు మారాయి, కరెంటు పోయి మళ్లీ లేచాను, ఇంకా చెప్పాల్సింది ఉంది, లూప్ (ఆ రెండు వైర్ల సర్క్యూట్) కరెంటు ఒకచోట బిగుసుకుని ఉంది, కరెంటు హద్దుకి తగిలింది, ముఖ్య కొలత హద్దు దాటింది, మరో కొలత హద్దు దాటింది. అంతే, ఎనిమిది ముక్కలు. వీటిలో మొదటిది తప్ప మిగతా ఏడూ మామూలు పనిరోజున, ఏ లోపమూ లేకుండానే వెలగొచ్చు.

‘సెట్టింగులు మారాయి’ అన్నదాన్ని దగ్గరగా చూడండి. ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ పర్మిట్ తీసుకుని, హ్యాండ్‌హెల్డ్ కమ్యూనికేటర్ తగిలించి రేంజి మార్చాడు. ఆ బిట్ వెలుగుతుంది. పని అయిపోయిందని అతను వైర్లు పీకేసి వెళ్లిపోయాడు. బిట్ మాత్రం ఆరదు. సిస్టమ్ వైపు నుంచి ఎవరో ఒకరు ‘సరే, చూశాను, చెరిపెయ్’ అనే ఆజ్ఞ, 38వ నంబరు కమాండ్, పంపాలి. పంపేవాళ్లెవరు? ఆపరేటర్‌కి ఆ అధికారం ఉండదు. మెయింటెనెన్స్ కంప్యూటర్ వేరే గదిలో తాళం వేసి ఉంటుంది. దాంతో ఆ అలర్ట్ అక్కడే కూర్చుంటుంది. షట్‌డౌన్‌లో రెండువందల ట్రాన్స్‌మిటర్లు క్యాలిబ్రేట్ చేస్తే, ప్లాంటు లేచే రోజుకి తెర మీద రెండువందల పాత కబుర్లు. స్టార్టప్ రోజున ఆపరేటర్‌కి అన్నిటికంటే శుభ్రమైన తెర కావాలి, అదే రోజున ఆ తెర కిక్కిరిసి ఉంటుంది.

‘ఇంకా చెప్పాల్సింది ఉంది’ అన్నది మరీ చిత్రం. వీధిలో ఎవరో తలుపు తట్టి ‘మీతో ఒక మాట చెప్పాలి’ అని, ఆ మాటేదో చెప్పకుండా నిలబడినట్టు ఉంటుంది. అసలు విషయం తెలియాలంటే 48వ కమాండ్ పంపి వివరాలు అడగాలి. సిస్టమ్ ఆ వివరాలు తెచ్చి చూపిస్తే సరే. అవి తేకుండా ఈ తలుపు చప్పుడునే అలారంగా మోగిస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇక హద్దుల సంగతి. ఆగిపోయిన లైను మీద డీపీ (రెండు చోట్ల ప్రెషర్ తేడా కొలిచే) ట్రాన్స్‌మిటర్ సున్నా దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. 4 మిల్లీ ఆంపియర్లు రావాల్సినచోట 3.97 వస్తుంది. ఎవరో ఒకరు ‘4 కంటే తగ్గితే సిగ్నల్ చెడింది’ అని పెట్టి ఉంటారు. ఇక పంపు ఆగిన ప్రతిసారీ అలర్టే. నిజానికి దీనికి మందు ఎప్పుడో రాసిపెట్టారు. ప్రాసెస్ పరిశ్రమల సంఘం నామూర్ తన 43వ సిఫారసులో 3.8 నుంచి 20.5 వరకు వచ్చినదాన్ని కొలతగానే తీసుకోమంది. 3.6కి తగ్గినా, 21కి చేరినా మాత్రమే పరికరం చెడిందని అనుకోమంది. చాలాచోట్ల సగం గోల ఈ ఒక్క అంకె సరిచూసుకుంటేనే తగ్గుతుంది. పరికరం వైపు ఒక అంకె, సిస్టమ్ వైపు ఇంకో అంకె ఉంటే మాత్రం అది గోల కంటే ప్రమాదం. పరికరం 3.6 పంపి ‘నేను పోయాను’ అంటుంటే, సిస్టమ్ దాన్ని ఖాళీ ట్యాంకు అనుకోవచ్చు.

స్టేటస్ అనే మాటని నమ్మే ముందు అది దేని స్థితి చెబుతోందో తెలియాలి. దీనికి 1979 మార్చి 28ని మించిన ఉదాహరణ నాకు కనబడదు. ఆ తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో, ఎక్కువైన ప్రెషర్‌ని బయటికి వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దాని దీపం ఆరింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందని అనుకున్నారు. ఆ దీపం చెప్పేది వాల్వు గురించి కాదు. దాన్ని కదిలించే సోలెనాయిడ్ అనే విద్యుదయస్కాంతానికి కరెంటు ఉందా లేదా అన్నది మాత్రమే. కరెంటు పోయింది నిజమే, వాల్వు మూసుకుంది నిజం కాదు. మొదటి కొద్ది నిమిషాల్లోనే వంద పైచిలుకు అలారాలు మోగాయి. అలారాలు అచ్చువేసే ప్రింటర్ అందుకోలేక గంటల కొద్దీ వెనకబడింది. ఆ వాల్వు ద్వారా కూలెంట్, అంటే రియాక్టర్‌ని చల్లబరిచే నీరు, పోతూనే ఉందని గ్రహించి, దాని ముందున్న బ్లాక్ వాల్వు మూయడానికి రెండు గంటలకి పైగా పట్టింది.

ఆ కథలో నన్ను ఎక్కువగా ఆపేది ఇంకో చిన్న విషయం. వాల్వు తర్వాత ఉన్న గొట్టంలో ఉష్ణోగ్రత ఎక్కువగా కనిపించింది. వాల్వు తెరిచి ఉందని చెప్పడానికి అది మంచి ఆధారం. కానీ ప్రమాదానికి ముందు నుంచే అక్కడ కొంత లీకు ఉండేది, ఆ ఉష్ణోగ్రత ఎక్కువగా ఉండటం వాళ్లకి అలవాటైపోయింది. ఇంగ్లిష్‌లో ఏమనుకున్నారో గానీ, తెలుగులో అయితే అక్కడ వినిపించే మాట ఒక్కటే: రోజూ ఉండేదేలే.

మందుల్లోకి వద్దాం. అన్నిటికంటే తేలికైనదీ, ఎక్కువమంది తప్పు చేసేదీ డెడ్‌బ్యాండ్, అంటే అలారం మోగే హద్దుకీ సర్దుకునే హద్దుకీ మధ్య వదిలే ఎడం. ట్యాంకు లెవెల్ 80 శాతం దాటితే అలారం పెట్టారనుకోండి. లోపల ద్రవం కదులుతూ ఉంటుంది. 79.6, 80.2, 79.8, 80.3. దాటిన ప్రతిసారీ మోత, తగ్గిన ప్రతిసారీ ‘సర్దుకుంది’ అనే కబురు. నిమిషానికి మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఇలా వచ్చిపోతే దాన్ని చాటరింగ్ అలారం అంటారు. మనం పళ్లు టకటకలాడడం అనొచ్చు. దీనికి 5 శాతం డెడ్‌బ్యాండ్ ఇస్తే, 80 దగ్గర మోగినది 75కి దిగేదాకా సర్దుకున్నట్టు లెక్క కాదు. ఒకసారి మోగి ఊరుకుంటుంది. అలారాల నిర్వహణ ప్రమాణాల్లో మొదలుపెట్టడానికి కొన్ని అంకెలిచ్చారు: రేంజిలో ఫ్లోకి, లెవెల్‌కి 5 శాతం, ప్రెషర్‌కి 2, టెంపరేచర్‌కి 1. అలాగే ఆలస్యం: ఫ్లోకి, ప్రెషర్‌కి 15 సెకన్లు, లెవెల్‌కి, టెంపరేచర్‌కి 60 సెకన్లు. ఇవి మొదలుపెట్టడానికే. వేదవాక్యాలు కావు.

ఎందుకు కావో పై ట్యాంకుతోనే చూద్దాం. 90 శాతం దగ్గర ట్రిప్ ఉంది, అంటే అక్కడికి చేరితే సిస్టమే ఆపేస్తుంది. పంపు పూర్తిగా నడుస్తుంటే లెవెల్ పది సెకన్లకి ఒక శాతం పెరుగుతుంది. అంటే అలారం నుంచి ట్రిప్‌కి ఉన్న వ్యవధి 100 సెకన్లు. పుస్తకంలో ఉంది కదా అని అలారం మోగడానికి 60 సెకన్ల ఆలస్యం పెడితే ఆపరేటర్ చేతికి మిగిలేది 40 సెకన్లు. ఆయన లేచి, ట్రెండ్ చూసి, ఫీల్డు మనిషికి వాకీటాకీలో చెప్పి, వాడు వాల్వు దాకా నడిచేసరికి పని అయిపోతుంది. అందుకే ఆలస్యం పెట్టాల్సి వస్తే మోగేవైపు కాకుండా ఆగేవైపు పెట్టమంటాను. మొదటి మోత వెంటనే వస్తుంది, ‘సర్దుకుంది’ అనే కబురు మాత్రం 60 సెకన్లు ఆగి వస్తుంది. ఆ టకటక పోతుంది, వ్యవధి పోదు. ఇంత తేలికైన తేడా తెలియక అలారం హద్దునే 80 నుంచి 85కి జరిపేసినవాళ్లని చూశాను. అది మందు కాదు, థర్మామీటర్ దులపడం.

బ్యాచ్ ప్లాంట్లలో కథ వేరు. జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడలోనో రియాక్టర్ల మీద పనిచేసేవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. అదే రియాక్టర్, అదే టెంపరేచర్ పాయింటు. రియాక్షన్ నడుస్తున్నప్పుడు 5 డిగ్రీలు తగ్గితే పరుగెత్తాలి. కడిగేటప్పుడు 30 డిగ్రీలు తగ్గినా ఎవరికీ పట్టదు. రెండు వేళలకీ ఒకే హద్దు పెడితే, కడిగే షిఫ్టంతా మోతే. ఇక్కడ డెడ్‌బ్యాండ్‌తో పని జరగదు. ప్లాంటు ఏ దశలో ఉందో చూసి అలారం తనంతట తానే నిద్రపోయి తనంతట తానే లేచేలా లాజిక్ రాయాలి. ఆగి ఉన్న స్టాండ్‌బై పంపుకి లో-ఫ్లో అలారం కూడా ఈ కోవలోదే. పంపు నడవడం లేదని సిస్టమ్‌కి తెలుసు, అయినా ఫ్లో లేదని గగ్గోలు పెడుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ ఉత్తరం ఎవరిది? 2009లో అమెరికా ఆటోమేషన్ ఇంజనీర్ల సంఘం ఐఎస్ఏ తెచ్చిన 18.2 ప్రమాణం, దాని తర్వాత 2014లో అంతర్జాతీయంగా వచ్చిన ఐఈసీ 62682 అలారం అనే మాటకి గట్టి హద్దు గీశాయి. పరికరం చెడడమో, ప్రాసెస్ దారి తప్పడమో, ఏదో అసాధారణ స్థితో ఉండి, దానికి ఆపరేటర్ సకాలంలో ఏదో ఒకటి చెయ్యాల్సి ఉంటేనే అది అలారం. చెయ్యాల్సిందేమీ లేకపోతే ఎంత ముఖ్యమైన సమాచారమైనా అలారం కాదు. ఈ ఒక్క వాక్యం పట్టుకుని కూర్చుంటే డయాగ్నస్టిక్ అలర్టుల్లో చాలావరకు ఆపరేటర్ తెర మీద నుంచి లేచిపోవాలి. పొజిషనర్‌లో వాల్వు ప్రయాణించిన దూరం లెక్క లక్ష దాటిందని రాత్రి రెండింటికి ఆపరేటర్‌కి చెబితే ఆయనేం చేస్తాడు? పొద్దున్న ఇన్‌స్ట్రుమెంట్ షాపులో వర్క్ ఆర్డర్ అవ్వాల్సిన విషయం అది.

ఈ పంపకానికి నామూర్ 107వ సిఫారసు పనికొస్తుంది. పరికరం చెప్పే వందల రకాల విషయాలని నాలుగు గంపల్లో వెయ్యమంది. ఎరుపు: చెడిపోయింది, కొలత నమ్మొద్దు. నారింజ: ఎవరో పనిచేస్తున్నారు, ప్రస్తుతానికి కొలత నమ్మొద్దు. పసుపు: తన హద్దులు దాటి పనిచేస్తోంది, కొలత అనుమానమే. నీలం: కొలత బాగానే ఉంది, మెయింటెనెన్స్ వేళ దగ్గరపడుతోంది. ఆపరేటర్‌కి కావాల్సింది నాలుగు రంగులు కూడా కాదు, ఒకే జవాబు. ఈ అంకెని నమ్మి వాల్వు కదపొచ్చా, లేదా? ఎరుపూ నారింజా ఆయనకి, నీలం పూర్తిగా మెయింటెనెన్స్‌కి. పసుపు దగ్గరే పేచీ. మిగులు గ్యాసుని కాల్చెయ్యడానికి పంపే ఫ్లేర్ లైనులో ఫ్లో మీటర్ హద్దు దాటడం ఒకటి, కూలింగ్ వాటర్‌లో దాటడం ఒకటి. పరికరం తయారుచేసినవాడు ఫ్యాక్టరీలో ఏ గంపలో వేసి పంపాడో అలాగే వదిలేస్తే కుదరదు. మీ ప్లాంటులో అది ఎక్కడ కూర్చుందో చూసి గంప మార్చాలి. ఈ పనికి ప్రాసెస్ మనిషి, ఆపరేటర్, ఇన్‌స్ట్రుమెంట్ మనిషి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. విసుగు పుట్టించే పని. ఒక పూటకి యాభై పాయింట్లు తేలితే గొప్ప.

మరి ఆపరేటర్‌కి అక్కర్లేనివన్నీ తీసిపారేస్తే? ఇక్కడే నేను ఒకసారి బోర్లాపడ్డాను.

సముద్రం పక్కనున్న ఒక ప్లాంటులో ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ ‘కమ్యూనికేషన్ పోయింది’ అని చెప్పి, రెండు మూడు నిమిషాల్లో తిరిగొచ్చేది. 4-20 కొలత మాత్రం నిక్షేపంగా ఉండేది. ఆపరేటర్ విసుక్కున్నారు. నేను వెళ్లి చూశాను, అప్పటికి అంతా బాగుంది. మరుసటి వారమూ అంతే. చివరికి ఆ అలర్ట్‌ని ఆపేసి, లాగ్‌బుక్‌లో ‘నాయిస్’ అని రాసి ఊరుకున్నాను. ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. ఒక రాత్రి ఆ లూప్ పూర్తిగా పడిపోయింది. జంక్షన్ బాక్స్ మూత తీస్తే అడుగున చెంచాడు నీళ్లు, టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము. వాడకుండా వదిలేసిన ఒక కేబుల్ ఎంట్రీకి స్టాపర్ ప్లగ్ లేదు, ఎవరో గుడ్డముక్క కుక్కారు.

తర్వాత పాత అలర్టుల సమయాలన్నీ ఒక కాగితం మీద రాసి చూశాను. దాదాపు అన్నీ తెల్లవారుజాము నాలుగుకీ ఆరుకీ మధ్యే. రాత్రి చల్లబడి బాక్సులో తేమ బొట్లు కట్టే వేళ అది. పొద్దెక్కి బాక్సు వేడెక్కేసరికి ఆరిపోయేది, నేను జనరల్ షిఫ్టులో వెళ్లేసరికి అంతా బాగుండేది. హార్ట్ సంకేతం చాలా బలహీనమైనది, కాస్త కరెంటు లీకైనా ముందు అదే తడబడుతుంది. కొలత చెడడానికి ఇంకా సమయం ఉంటుంది. అంటే ఆ ట్రాన్స్‌మిటర్ నెలల ముందు నుంచే చెబుతోంది, పాపం. ఆపరేటర్‌కి అది గోలే, ఆయన విసుగులో న్యాయముంది. నాకు మాత్రం అది సరైన సమయానికి వచ్చిన కబురు. దాన్ని నా దగ్గరికి మళ్లించాల్సిందిపోయి నోరు నొక్కేశాను.

అప్పటినుంచి వచ్చిపోయే అలర్ట్ ఏదైనా సరే ఆపే ముందు దాని సమయాలు చూస్తాను. తెల్లవారుజామున వస్తే తేమ. పెద్ద మోటార్ లేచినప్పుడల్లా వస్తే ఎర్తింగో, మోటార్ వేగం మార్చే డ్రైవ్ నుంచి వచ్చే నాయిసో. షిఫ్టు మారే వేళ వస్తే, నవ్వకండి, మనుషులు. వైరు చెయ్యని తప్పు ఒకటుంటుంది కూడా: లూప్‌లో నిరోధం 230 ఓమ్‌లకి తగ్గితే హార్ట్ మాట వినిపించదు. పవర్ సప్లై మార్చిన మర్నాటి నుంచి కమ్యూనికేషన్ అలర్టులు మొదలైతే ముందు అది చూడండి.

తాత్కాలికంగా ఆపడానికి సిస్టమ్‌లో పద్ధతులున్నాయి. షెల్వింగ్ అంటే అలారాన్ని కొంతసేపు అటక మీద పెట్టడం. గడువుంటుంది, గడువు తీరగానే దానంతట అదే దిగివస్తుంది. ఎవరు పెట్టారో, ఎందుకో నమోదవుతుంది. షిఫ్టు మారేటప్పుడు అటక మీద ఏమున్నాయో వచ్చేవాళ్లకి చెప్పాలి. గడువు లేకుండా ఆపడం ఇంకో రకం, దానికి కాగితం మీద అనుమతి కావాలి. ఆ తేడా చెరిగిపోతే ఏమవుతుందో 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద కనిపించింది. తప్పుడు అలారాలు అర్ధరాత్రి జనాన్ని లేపుతున్నాయని అక్కడ జనరల్ అలారం తనంతట తాను మోగకుండా ఆపి ఉంచారని, రిగ్గు మీద పనిచేసిన ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ విచారణలో చెప్పాడు. ఆ ప్రమాదంలో 11 మంది పోయారు. జనాన్ని నిద్రపోనివ్వాలనుకోవడం దుర్బుద్ధి కాదు. ఒక్కొక్కటిగా మంచి కారణంతో ఆపినవే తర్వాత కొంప ముంచుతాయి.

‘సెట్టింగులు మారాయి’ లాంటి కబుర్లని గంపగుత్తగా ఆపడానికి నేను ఒప్పుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. 2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో, ప్రమాదం ముంచుకొస్తే ప్లాంటుని ఆపేసే సేఫ్టీ కంట్రోలర్లలోకి ట్రైటాన్ అనే మాల్‌వేర్ చొరబడింది. కంట్రోలర్ మీద తాళంచెవి తిప్పే స్విచ్ ప్రోగ్రామ్ మార్చే స్థానంలోనే వదిలేసి ఉండటం దాడి చేసినవాళ్లకి కలిసొచ్చింది. తాళంచెవి ఏ స్థానంలో ఉందన్నది అన్నిటికంటే చప్పటి స్టేటస్. ఆపరేటర్‌కి అది అక్కర్లేదు. ప్లాంటులో ఎవరో ఒకరికి మాత్రం కావాలి. ఏ పర్మిట్‌తోనూ పొత్తు కుదరని ‘సెట్టింగులు మారాయి’ కబురు కనబడితే ఫోన్ ఎత్తాల్సిన మనిషి ఒకరుండాలి.

ఎంత మోత భరించగలరు? దీనికి అంకెలున్నాయి. ఒక ఆపరేటర్‌కి రోజుకి 150 అలారాలు, అంటే దాదాపు పది నిమిషాలకి ఒకటి, ఫరవాలేదు. 300 దాకా నెగ్గుకురావచ్చు. పది నిమిషాల్లో పది దాటితే వరద కిందే లెక్క. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పిడుగుతో మొదలైన అల్లకల్లోలం పేలుడుతో ముగిసింది, 26 మంది గాయపడ్డారు. పేలుడుకి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకి 275 అలారాలు వచ్చాయని బ్రిటన్ సేఫ్టీ శాఖ విచారణలో తేలింది. రెండున్నర సెకన్లకి ఒకటి. చదవడానికే చాలదు. ఎక్కువ అలారాలకి హై ప్రయారిటీ ఇచ్చేసి ఉండటంతో ఏది ముందు చూడాలో కూడా తెలియలేదు. అందుకే ప్రయారిటీల్లో హై అన్నది నూటికి అయిదుకి మించకూడదంటారు. ఇంటిల్లిపాదికీ ఒకే పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారు?

మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. కన్సల్టెంట్‌ని పిలిచే ముందు గడిచిన 30 రోజుల ఈవెంట్ లాగ్ తీసుకుని, ఒక్కో ట్యాగు (పాయింటుకి పెట్టిన పేరు) ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టి, ఎక్కువ నుంచి తక్కువకి వరసలో పెట్టండి. మొత్తం గోలలో పెద్ద వాటా మొదటి పదిహేను, ఇరవై ట్యాగులదే అయి ఉంటుంది. వారానికి రెండు చొప్పున పట్టుకోండి. ఒక్కోదానికీ పక్కనున్న గడిలో ‘ఎవరు, ఏం చెయ్యాలి’ అన్నది ఆపరేటర్ నోటితో చెప్పించి రాయండి. ఆయన ‘ఏమీ లేదు’ అంటే అది ఆయన తెర మీద ఉండకూడదు. 24 గంటలు దాటినా ఆరకుండా వెలుగుతున్నవాటికి వేరే జాబితా పెట్టండి. అందులో సగం పూర్తికాని పాత పనులే బయటపడతాయి. అది కాస్త ఇబ్బందికరమైన జాబితా, మెయింటెనెన్స్ హెడ్‌కి ముందే చెప్పి చూపించడం మేలు.

మేము ఇలా చేసి నాలుగైదు నెలలయ్యాక ఒక నైట్ షిఫ్టులో నాకు ఫోన్ వచ్చింది. బోర్డు మీద ఉన్నది మరో ఆపరేటర్, వయసులో నాకంటే చిన్నవాడు.

"సార్, గంటన్నర నుంచి ఒక్క అలారం కూడా రాలేదు. హూటర్ పోయిందేమో, చూడాలి."

"టెస్ట్ బటన్ నొక్కి చూశావా?"

"నొక్కాను సార్, మోగింది. అయినా ఎందుకో టెన్షన్‌గా ఉంది. ఒకసారి వస్తారా?"

వెళ్లాను. ఇద్దరం టీ తాగాం. మూడు గంటల ఇరవై నిమిషాలకి లూబ్ ఆయిల్ ప్రెషర్ లో అని ఒకటి మోగింది. గ్లాసు పక్కనపెట్టి, మీట మీద చెయ్యి వెయ్యకముందే తెర వైపు తిరిగాడు.